ముందు క్లాసమ్మాయి

పొద్దున్నే యూనివర్సిటీ గేటు దగ్గర బస్సు దిగేటప్పుడు ఆ అమ్మాయి డ్రైవరు వైపు తిరిగి థాంక్స్ చెప్పేది. పెదాలు కదిలేవి గానీ మాట వినబడేది కాదు. బస్సు వెళ్ళిపోయేది. ఊరంతా తిరిగి, స్టేషన్ దగ్గర ఖాళీ అయి, మళ్ళీ నిండి, ఏ ఆసుపత్రి మలుపులోనో ఉండగా, ముందు తలుపు దగ్గర గాల్లోంచి "చాలా థాంక్సండీ" అని తేటగా ఒక గొంతు పలికేది.

"పర్లేదమ్మా" అనేది డ్రైవరు స్టీరింగు తిప్పుతూ.

ఆ డ్రైవరు నలభై దాటిన ఆడమనిషి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆమెని డ్రైవరక్క అనే పిలిచేవాళ్ళు. బస్సులో ఎవరూ ఆ గొంతుకి తల తిప్పి చూసేవాళ్ళు కాదు. యుద్ధం తరిమితే సరిహద్దు దాటి ఆ ఊరికి వచ్చిపడ్డ వాళ్ళలో చాలామంది మాట అంతే. ఇంటి భాషలో అయితే అన్నది అన్నట్టే వినబడేది. ఇక్కడి భాషలో అంటే మాత్రం, మాట పలికిన చోటే కాసేపు ఆగి, తీరిగ్గా బయటికొచ్చేది. కొందరికి కొంచెం ఆలస్యం, కొందరికి బాగా ఆలస్యం.

ఆ అమ్మాయి తమ్ముడు వీధిలో పిల్లలతో బంతాటలాడి, కొట్టుకుని, మళ్ళీ కలిసిపోయి, ఏడాది తిరక్కుండానే "పోరా, అది అవుటే!" అని అక్కడికక్కడే అరిచేసేవాడు. వాళ్ళమ్మకి మాత్రం ఏకంగా ఒక రోజు పట్టేది. ఇవాళ కొట్లో అడిగింది రేపటికి గానీ వినబడదు కాబట్టి, ఆవిడ రేపటికి కావలసినవి ఇవాళే అడిగి వచ్చేది. కొట్టతను షట్టరు ఎత్తీ ఎత్తగానే "కిలో ఉల్లిపాయలు, అర డజను గుడ్లు, పిల్లలు కులాసానా?" అని వినబడేది. అతను కులాసానే అంటూ ఉల్లిపాయలు తూచి పక్కన పెట్టేవాడు.

అమ్మాయి మాట వీళ్ళిద్దరికీ మధ్యలో ఉండేది. ఒక క్లాసు అయిపోయి అదే గదిలో ఇంకో క్లాసు మొదలయ్యేంత ఆలస్యం. సరిగ్గా ఆ ఆలస్యమే ఆమె కొంప ముంచుతోంది.

ఆమె నాన్న తాపీ మేస్త్రీ. ఆయన కట్టిన ఇళ్ళలో ఒక్కటీ మిగల్లేదు, ఆయనా మిగల్లేదు. కట్టడాలు ఎందుకు కూలతాయో, ఎలా కడితే నిలబడతాయో చదివి తీరతానని ఈ అమ్మాయి పట్టు పట్టింది. రాత్రింబవళ్ళు చదివి ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. సీటుతోపాటే ముగ్గురికీ రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ఇంత వరకూ బాగానే ఉంది.

క్లాసులో ప్రొఫెసరు తెరమీద ఒక బొమ్మ వేసేవాడు. పగిలిన బీమ్, కింద రెండు పిల్లర్లు. "ఈ పగులు ఎందుకొచ్చింది?" అనేవాడు. డెబ్భైమంది కూర్చున్న హాల్లో చడీ చప్పుడూ ఉండేది కాదు. రెండో వరసలో ఈ అమ్మాయి చెయ్యెత్తి, లేచి నిలబడి, పూసగుచ్చినట్టు జవాబు చెప్పేది. నోరు కదిలేది, అంతే. ప్రొఫెసరు ఒకసారి చూసి, గడియారం చూసి, "సరే, తరువాతి ప్రశ్న" అనేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. సిలబస్ కొండంత, సమయం గోరంత.

ఆమె పక్క సీట్లో పొడుగబ్బాయి ఒకడు కూర్చునేవాడు. రోజూ "స్కేలు తీసుకోనా?" అనేవాడు. ఆమె తలూపేది, నోటితో కూడా చెప్పేది. పేరేమిటని అతను ఎప్పుడూ అడగలేదు. అడిగినా, జవాబు వచ్చేదాకా ఎవరు కూర్చుంటారు? క్లాసవగానే అందరూ పొలోమని క్యాంటీనుకి పరిగెత్తేవాళ్ళు. ఆమె సంచీ సర్దుకుని ఒక్కతే లైబ్రరీకి వెళ్ళేది. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నారు క్లాసువాళ్ళు.

అదే హాల్లో ఆ వెంటనే సాయంత్రం క్లాసు మొదలయ్యేది. అదే ప్రొఫెసరు, అదే పాఠం, అవే బొమ్మలు. విద్యార్థులు మాత్రం వేరు. పగలంతా ఉద్యోగాలు చేసి, ఆవలింతలు ఆపుకుంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. బేకరీలో రొట్టెలు కాల్చేవాడు, ఆసుపత్రి నర్సు, పెయింటరు. మన డ్రైవరక్క కూడా డ్యూటీ దిగి, డిపోలో మొహం కడుక్కుని, ఆ క్లాసుకే వచ్చేది.

"ఈ పగులు ఎందుకొచ్చింది?" అని ప్రొఫెసరు వీళ్ళని అడగడమూ, రెండో వరసలో ఖాళీ సీటు దగ్గర గాల్లోంచి జవాబు రావడమూ ఒకేసారి జరిగేవి.

"అది వంగి పగిలింది కాదండీ. వంగితే నడిమధ్య కిందనుంచి పగిలేది. ఇది పిల్లర్ దగ్గర ఏటవాలుగా ఉంది. అక్కడ బీమ్‌ని కత్తెరలా తెంపే బలాన్ని, అదే కోతని, తట్టుకునే కడ్డీలు సరిపోలేదు."

"కరెక్ట్" అనేవాడు ప్రొఫెసరు, నిద్దరలో ఉన్నవాడిని తట్టి లేపినట్టు చటుక్కున.

టర్మంతా ఇదే తంతు. సాయంత్రం వాళ్ళకి ఆ గొంతంటే ఎంత గర్వమో! రెండో వరసలో ఆ సీటు ఖాళీగానే ఉంచేవాళ్ళు. కొత్తవాళ్ళెవరైనా కూర్చోబోతే బేకరీ అతను "అక్కడ కాదు బాబూ, అది మా ముందు క్లాసమ్మాయిది" అని లేపేసేవాడు. మధ్యమధ్యలో "తీసుకో, స్కేలు అక్కడే ఉంది" అని వినబడితే నవ్వుకునేవాళ్ళు. ఎవరో రోజూ దీని స్కేలు కొట్టేస్తున్నారర్రా అనుకునేవాళ్ళు.

ఒకరోజు పాఠం అప్పుడే అయిపోయింది. అందరూ కుర్చీలు జరుపుకుంటూ, పుస్తకాలు సర్దుకుంటూ ఉన్నారు. అప్పుడు తలుపు దగ్గర గాల్లోంచి ఆ గొంతు మెల్లిగా అంది.

"మీరంతా క్యాంటీనుకేనా? నేనూ రావచ్చా?"

ఎవరిని అడిగిందో వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారని అందరికీ అర్థమైంది. నర్సు కళ్ళు తుడుచుకుంది. బేకరీ అతను తలుపు వైపు చూసి, "రామ్మా, రా" అన్నాడు. అన్నాక, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి కూర్చున్నాడు.

డ్రైవరక్క మాత్రం లేచి నిలబడింది. ఆ చివరి 'రావచ్చా'లో ఒక చిన్న సాగతీత ఉంది. సరిగ్గా అలాంటిదే 'థాంక్సండీ'లోనూ ఉంటుంది.

"ఓరి దేవుడా!" అంది పైకే. "ఈ పిల్ల రోజూ నా బస్సే ఎక్కుతోంది!"

మర్నాడు పొద్దున యూనివర్సిటీ గేటు దగ్గర బస్సు ఆగింది గానీ ముందు తలుపు తెరుచుకోలేదు. డ్రైవరక్క సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చుంది. దిగడానికి నిలబడ్డ అమ్మాయి బిత్తరపోయింది. తన పాసులో ఏమైనా తేడా వచ్చిందా అనుకుంది.

"బీములూ పిల్లర్లూ చెప్పేది నువ్వేనా?" అంది డ్రైవరక్క.

అమ్మాయి పెదాలు కదిలాయి.

"ఇప్పుడు వినబడదులే, ఊరు చుట్టొచ్చాక వింటాను. ముందు నువ్వు విను. నిన్న 'నేనూ రావచ్చా' అని అడిగావు చూడు, అది మేం విన్నాం. పాతికమందిమి విన్నాం. రావచ్చు. ఇవాళ సాయంత్రం క్లాసయ్యాక డిపో క్యాంటీనుకి రా. రాకపోయావో, రేపు కూడా ఈ తలుపు తియ్యను!"

వెనకనుంచి ఎవరో "తలుపండీ, తలుపు!" అని అరిచారు. తలుపు తెరుచుకుంది. అమ్మాయి దిగి, గేటు దాటి, మెట్లెక్కి, లైబ్రరీ వెనక ఎవరూ లేని చోటు చూసుకుని చిన్నపిల్లలా గంతులేసింది.

ఆ సాయంత్రం డిపో క్యాంటీనులో రేకు బల్ల చుట్టూ అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఒకరి మాట మీద ఇంకొకరు పడుతూ ప్రశ్నలు గుప్పించారు. ఎక్కడుంటావు, ఏం తింటావు, ఆ స్కేలు దొంగ ఎవడు? అమ్మాయి ఒక్కోదానికీ చేతులు తిప్పుతూ జవాబు చెప్పింది. చెప్పినవన్నీ గాల్లో నిలిచాయి. వాళ్ళు టీ తాగారు, రొట్టెలు తిన్నారు, డ్రైవరక్క తన బస్సు కిందామీదా పడ్డ కథ చెప్పింది, పెయింటరు పాట పాడాడు. ఎవరూ లేచి వెళ్ళలేదు. ఆఖరికి బల్లమీద ఆమె మాటలు ఒకదాని వెనక ఒకటి పలకడం మొదలుపెట్టాయి.

తన గొంతు ఇక్కడి భాషలో ఎలా ఉంటుందో ఆ అమ్మాయి మొదటిసారి విన్నది అప్పుడే. ఎప్పుడూ అది వచ్చేసరికి తను అక్కడ ఉండేది కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింది. బాగానే ఉంది! ఒక మాట తప్పు పలికింది, అయినా బాగానే ఉంది!

"అదిగో, స్కేలు గురించి చెప్తోంది, ఉండండుండండి" అని నర్సు అందరినీ ఊరుకోబెట్టింది.

అప్పట్నుంచి ఆమె రోజూ వెళ్ళింది. క్లాసులు ముగిసి పరీక్షల సెలవులు ఇచ్చాక కూడా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళింది. పుస్తకాలు ముందేసుకుని అందరూ కలిసి చదివేవాళ్ళు. ఆమె వాళ్ళకి లెక్కలు చెప్పేది, వాళ్ళు ఆమెకి పరాచికాలు నేర్పేవాళ్ళు. డ్రైవర్లు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునే తిట్లు కూడా నేర్చేసుకుంది. ఎప్పుడు అన్న మాట ఎప్పుడు వినబడుతోందో ఎవరూ గడియారం చూడలేదు. గలభాలో అదెవరికి పట్టింది? ఈ మధ్య 'థాంక్సండీ' ఆసుపత్రి మలుపుదాకా రాకుండానే వినబడుతోందని డ్రైవరక్క గమనించింది గానీ, రోడ్డు తవ్వేశారు కదా, బండి నత్తలా నడుస్తోంది అనుకుంది.

ఇంతలో నోటి పరీక్ష వచ్చిపడింది. పై అంతస్తులో పొడుగు బల్ల ఉన్న గదిలో ముగ్గురు పెద్దలు కూర్చుంటారు. ముందు క్లుప్తంగా తన ప్రాజెక్టు గురించి చెప్పాలి, తరవాత ప్రశ్నలు. ప్రశ్నకి జవాబు తరువాతి ప్రశ్న అడిగేలోపల వినబడాలని నిబంధన. తప్పితే మళ్ళీ భాష నేర్పే తరగతికి పంపేస్తారు, ఈ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. సీటు పోతే క్వార్టరు పోతుంది. మళ్ళీ, ఈ ఊరికి వచ్చిన కొత్తలో తలదాచుకున్న ఆ పరదాల గుడారమే. తమ్ముడి బడి మారిపోతుంది. అమ్మ మళ్ళీ కొత్త కొట్టువాడికి అన్నీ మొదట్నుంచి అలవాటు చెయ్యాలి.

అమ్మాయి డిపో క్యాంటీనులో ఈ సంగతి చెప్పి బల్లమీద తల వాల్చేసింది.

"లేవవే" అంది డ్రైవరక్క. "నీ మాట ఆలస్యంగా కదా వస్తుంది? అయితే ముందే వెళ్ళి చెప్పేద్దాం!"

అందరూ ఆమె వైపు చూశారు.

"మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆ గది ఖాళీగానే ఉంటుంది. నువ్వెళ్ళి ప్రాజెక్టు సంగతంతా ఖాళీ కుర్చీలకి చెప్పేసెయ్. నీ వంతు వచ్చి నువ్వు లోపలికెళ్ళి నిలబడేసరికి మాట దానంతటదే వస్తుంది. ప్రశ్నల సంగతి తరవాత చూసుకుందాం. ముందు సగమన్నా దక్కుతుంది కదా!"

బల్ల చుట్టూ ఈలలు, చప్పట్లు! బేకరీ అతను ఆనందం పట్టలేక అందరికీ ఇంకో రొట్టె తిప్పాడు.

పరీక్ష రోజు మధ్యాహ్నం డ్రైవరక్క యూనిఫారంతోనే వచ్చి ఆ గది తలుపు దగ్గర కాపలా కాసింది. అమ్మాయి లోపలికెళ్ళి, పొడుగు బల్ల ముందు నిలబడి, మూడు ఖాళీ కుర్చీలకి నమస్కారం పెట్టి మొదలుపెట్టింది. తక్కువ ఇనుముతో, గట్టి కడ్డీ కట్టుతో, అదిరినా ఒరగని చిన్న ఇల్లు ఎలా కట్టొచ్చో చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. బయటికొచ్చి డ్రైవరక్క చెయ్యి పట్టుకున్న అమ్మాయి మొహం వెలిగిపోతోంది.

ఆమెకన్నా ముందు వంతు పొడుగబ్బాయిది. పెద్దలు భోజనాలు చేసి వచ్చి కూర్చున్నారు, అతను లోపలికి వెళ్ళాడు. ఈ అమ్మాయి బయట బెంచీ మీద కూర్చుంది. తన వంతుకి ఇంకా బోలెడు టైముంది.

అప్పుడు మూసిన తలుపు వెనకనుంచి ఆమె గొంతే గట్టిగా వినబడింది. "నమస్కారమండీ. నేను చెప్పబోయేది చిన్న ఇళ్ళ గురించి."

డ్రైవరక్క బెంచీమీంచి ఎగిరి పడింది. "అయ్యయ్యో! అప్పుడేనా?"

మాట ముందే వచ్చేసింది! ఎప్పుడూ ఇంత తొందరగా రాలేదు. లోపల పొడుగబ్బాయి చెప్పేది మధ్యలో ఆగిపోయింది. ఒకసారి పలకడం మొదలుపెట్టాక ఆ గొంతుని ఆపడం ఎవరి తరం? ఇనుము, కడ్డీలు, పునాది, అన్నీ వరసగా చెప్పుకుపోతోంది. తలుపు తెరుచుకుంది. బల్ల వెనక మధ్య కుర్చీలో తెల్లజుట్టు పెద్దావిడ కూర్చుని ఉంది. ముగ్గురిలో ఆవిడే పెద్ద. పక్కనే మన ప్రొఫెసరు.

"ఈ గొంతు ఎవరిది బాబూ?" అంది పెద్దావిడ పొడుగబ్బాయితో.

అతను అటూ ఇటూ చూశాడు. "తెలీదు మేడమ్. నేనెప్పుడూ వినలేదు."

టర్మంతా పక్కపక్కనే కూర్చున్నారు. ఆ ముక్క బెంచీ దాకా స్పష్టంగా వినబడింది. అమ్మాయి తల దించుకుంది. డ్రైవరక్క మాత్రం ఆగలేదు. రూలూ గీలూ చూడకుండా గదిలోకి దూసుకెళ్ళిపోయింది.

"మా ముందు క్లాసమ్మాయిదండీ! బయటే కూర్చుంది, బంగారంలాంటి పిల్ల!"

"ఈ గొంతు నాకు తెలుసు" అన్నాడు ప్రొఫెసరు మెల్లిగా. "సాయంత్రం క్లాసులో నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పింది ఈ గొంతే."

"మరి పగటి క్లాసులో?"

ప్రొఫెసరు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

గొంతు ఆఖరి వాక్యం దాకా చెప్పింది, ముగ్గురూ విన్నారు. పెద్దావిడ పొడుగబ్బాయినీ డ్రైవరక్కనీ కాసేపు బయట ఉండమని, అమ్మాయిని లోపలికి పిలిచింది.

"నీ సగం పరీక్ష అయిపోయిందమ్మా, బాగా చెప్పావు. ఇప్పుడు ఒక ప్రశ్న. పాత ఇల్లొకటి ఉంది. గోడలు నిక్షేపంగా ఉన్నాయి, పైన బీమ్‌లో పిల్లర్ దగ్గర ఏటవాలు పగులు. బాగు చేసి వాడుకోవచ్చా?"

అమ్మాయి చెప్పింది. రెండు చేతులతో బీమ్ చూపించి, వేలితో పగులు గీసి, తల అడ్డంగా ఊపి చెప్పింది. గదిలో ఏమీ వినబడలేదు. మూడో పెద్దాయన గడియారం చూసుకుని, "నిబంధన ప్రకారం తరువాతి ప్రశ్న అడిగేలోపల…" అన్నాడు.

"నాకు గుర్తుంది" అంది పెద్దావిడ. "అందుకే తరువాతి ప్రశ్న నేను అడగను."

పెన్ను బల్లమీద పెట్టేసి, చేతులు కట్టుకుని, వెనక్కి వాలి కూర్చుంది.

ఎవరూ కదల్లేదు. కిటికీలోంచి గాలి వచ్చి కాగితాలు లేపితే ప్రొఫెసరు అరచేత్తో వాటిని అదిమి పట్టుకున్నాడు. తనకోసం ఈ గదిలో పెద్దవాళ్ళు పనులు ఆపుకుని కూర్చోవడం చూస్తుంటే అమ్మాయికి ఒళ్ళంతా ఏదో పొంగుతున్నట్టుంది. తలుపు సందులోంచి డ్రైవరక్క గుప్పిట బిగించి చూస్తోంది. ఆమె వెనక పొడుగబ్బాయి తల.

అంతలో వచ్చింది జవాబు, అనుకున్నదానికన్నా ఎంతో ముందు. పంతులమ్మలా మొదలై, మధ్యలో ఎక్కడో డిపోలోకి జారిపోయింది.

"గోడలు బాగుంటే సరిపోదండీ. ఆ పగులు బరువుకి వంగి వచ్చింది కాదు, కోతవల్ల వచ్చింది. అది చెప్పా పెట్టకుండా ఒక్కసారే తెగుతుంది. పైన రంగేసి మోసం చెయ్యొద్దు. ముందు కింద ఊతకర్రలు పెట్టి జనాన్ని ఖాళీ చేయించాలి. అదింక రోడ్డెక్కే బండి కాదు గురూ, షెడ్డుకి తోలెయ్యాల్సిందే!"

ఆ 'గురూ' వినగానే అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. పెద్దావిడ మొదట కళ్ళజోడు తీసింది, తరవాత నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ప్రొఫెసరు నవ్వాడు. మూడో పెద్దాయన కూడా దగ్గినట్టు నటించి నవ్వేశాడు.

"ఈ పిల్లకి భాష రాదని ఎవరన్నారు?" అంది పెద్దావిడ. "పై సంవత్సరానికి పంపుతున్నాం. వెళ్ళు, మీ అమ్మకి చెప్పు."

బయట డ్రైవరక్క ఆమెని అమాంతం ఎత్తి గిర్రున తిప్పింది. బస్సు టైమైపోతోందని గుర్తొచ్చి, "డిపోలో చెప్పేస్తా, సాయంత్రం అమ్మనీ తమ్ముణ్ణీ తీసుకురా!" అని అరుస్తూ మెట్లు దిగి పరిగెత్తింది.

నడవాలో ఇద్దరే మిగిలారు. పొడుగబ్బాయి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. లోపలినుంచి అతన్ని రమ్మని పిలిచారు.

"ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు లోపలికి చూసి. తరవాత ఆమె వైపు తిరిగి, మాటలు వెతుక్కుని, "నీ పేరేంటి?" అన్నాడు.

ఆమె చెప్పింది. పెదాలు కదిలాయి.

అతను కదల్లేదు. లోపలినుంచి మళ్ళీ పిలిచారు. "వస్తున్నా మేడమ్, పేరు రావాలి" అన్నాడు. చేతులు వెనక పెట్టుకుని, తల కొంచెం వంచి, చెవి ఆమె వైపు పెట్టి నిలబడ్డాడు. వాళ్ళిద్దరి మధ్యా ఆ పేరు పలికింది. అతను జాగ్రత్తగా తిరిగి అన్నాడు, అయినా తప్పు పలికాడు. ఆమె పకపకా నవ్వి, తల అడ్డంగా ఊపి, ఇంకోసారి చెప్పింది. మళ్ళీ ఇద్దరూ దానికోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు.